కోదక్క బావిలో జిలేబీలు

పురట్టాసి నెల ముగిసిన మరునాడు, పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ నడవాలో చేపలు వేగుతున్న వాసన గుప్పుమంది. పెరుమాళ్ళకు మొక్కి నెలంతా మాంసం ముట్టని ఇళ్ళన్నీ ఒక్కసారే పెనం పెట్టినట్టున్నాయి. కోయంబత్తూరులో మా నాయుళ్ళకు అదొక చిన్న పండుగే. ఆ వాసన తగిలితే నాకు కోదక్క గుర్తొస్తుంది. పొల్లాచ్చి దగ్గర మా తోటను ఆనుకున్న తోట ఆమెది. చుట్టరికం లేకపోయినా అక్క అనే పిలిచేవాణ్ణి. మిల్లులో నేను సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో ఆదివారం వస్తే ఆమె తోటకే పోయేవాణ్ణి. రాత్రి డైరీలో వానా ఎండా రాసుకున్నాక మిగిలిన చోటంతా ఆమె మాటలే ఉండేవి.

కోదక్కకు భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ కలిసి రాళ్ళు మోసి కట్టుకున్న పెద్ద చదరపు బావి మాత్రం మిగిలింది. బోరు వేశాక ఆ బావితో పని లేదని మరిది రామసామి పట్టుబట్టాడు.

"ఈ గుంత ఏల వదినే? మట్టి పోసి కళ్ళం చేస్తే కొబ్బరి ఎండబెట్టుకోవచ్చు."

"నీ నోట్లో పొయ్య మట్టి. దీంట్లో మీను పెంచుతా. దీపావళికి మోచెయ్యంత మీను చూపిస్తా. చూపించలేకపోతే అప్పుడు కళ్ళం చేసుకో, నేను అడ్డం రాను."

అలా బావి ప్రాణం చేపల మీద పడింది. ఎండాకాలం, చిత్తిరై నెలలో ఒక బిందెడు జిలేబీ చేపపిల్లలు తెచ్చి వదిలింది. కొన్ని నెలలకు ఒక ఆదివారం నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళలోకి వేలు చూపించింది. తల్లిచేప నోరు తెరిచింది. అందులోంచి చీమలంత పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి. నా నీడ కదిలేసరికి అన్నీ మళ్ళీ అమ్మ నోట్లోకి దూరాయి. "చూస్తివా తంబీ! పిల్లలు నోట్లో ఉండే వరకూ తల్లి తిండే తినదంట. ఇంత బాగా సాకితే పెరగకుండా ఎక్కడికి పోతాయి?" అని చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆడి నెలలో వానకు బావి నిండి, వల దించే వీలు లేకపోయింది. ఆ నీళ్ళు తగ్గేలోపు పురట్టాసి వచ్చింది. ఆ నెలలో కోదక్క తాను తినదు సరే, తన బావిలో ఇంకెవరినీ గాలం వేయనీయదు. పైగా శనివారం శనివారం బంధువులంతా చేరి పెరుమాళ్ళకు తళిగ పెట్టేవారు. పొంగలి, వడలు, పులిహోర నైవేద్యమయ్యాక మిగిలిందంతా పుణ్యమని బావిలో చల్లేవారు. అన్నం పడిన చోట నీళ్ళు ఉడికినట్టు కదిలేవి. "మీను పొంగుతాండాది, మీను పొంగుతాండాది!" అని కోదక్క మురిసిపోయేది.

నెల ముగిశాక రామసామి ఎదుటే వల వేశాం. లాగడానికి నలుగురు కావాల్సి వచ్చింది. వల నిండా వెండిలా మెరుస్తున్న చేపలు, లెక్కపెట్టలేనన్ని. ఒక్కటీ వేలికంటే పొడవు లేదు.

రామసామి ఒకదాన్ని తోక పట్టి ఎత్తాడు. "వదినే, ఇది ఎవరి మోచెయ్యి? బొమ్మదా?"

అందరూ పగలబడి నవ్వారు. కోదక్క నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని అరటితోట వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత తల మీద ఠపీమని కొట్టుకుంది.

"నాకు బుద్ధి ఉండాదా తంబీ? అరటికి పిలకలు లేస్తే ఒకటి విడిచి తక్కినవన్నీ కొట్టేస్తా. విడిస్తే గెల చిక్కిపోతాదని తెలుసు. మీను పిలకలకేమో పొంగలి పెట్టి పెంచినా! ఉండే బాయి ఒకటే. అన్ని నోళ్ళకు ఎక్కడ చాలుతాది?"

అప్పుడు నవ్వు మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూనే వీధి వీధంతా పిలిపించింది. తట్టలు, బకెట్లు, చివరికి తళిగ పెట్టిన గంగాళాలతో సహా జనం వచ్చి, అడిగినన్ని చేపలు ఊరికే పట్టుకుపోయారు. ఆ పూట ఊరంతా ఒకటే వేపుడు వాసన. రామసామి మూడోసారి వడ్డించుకుని తింటున్నప్పుడు కోదక్క అడిగింది.

"బాగుండాదా?"

"ఉప్పు రవంత తక్కువ."

"నా బాయి మీను తిన్న నోటితో మట్టి పోస్తానని ఎట్లా చెప్తావు? ఇంకొక ఏడు విడువు."

అతని నోటి నిండా చేప ఉంది. తల ఊపక తప్పలేదు.

ఆ ఏడాది ఆమె కొన్ని జిలేబీలనే ఉంచింది. చెరువులో చేపలు పట్టేవాళ్ళ దగ్గర కొరమీనులు తెచ్చి వదిలింది. అవి జిలేబీ పిల్లలను తింటుంటే మొదట్లో ముఖం తిప్పుకునేది, తర్వాత అలవాటు పడింది. నైవేద్యం మిగిలితే ఆవులకు పెట్టింది. మరుసటి దీపావళి ముందు వల లాగితే, వచ్చిన మొదటి జిలేబీ రామసామి చేతుల్లోంచి ఎగిరి అతని ధోవతి తడిపింది. అతను దాన్ని తన మోచేతి పక్కన పెట్టి కొలిచాడు. "నా చెయ్యే పొట్టి" అన్నాడు. బావి నిలిచింది.

కోదక్క ఇప్పుడు లేదు. రామసామి కళ్ళం వేరే చోట కట్టుకున్నాడు. బావికి కంచె వేసి, ఏటా పురట్టాసి ముగియగానే ఊరివాళ్ళను తానే పిలిచి చిన్న చేపలు పంచుతున్నాడు.

రిటైరయ్యాక నేను గాజు తొట్టిలో గప్పీ చేపలు పెంచుతున్నాను. పిల్లలు పుట్టడం ముచ్చటగా చూస్తాను. తొట్టి ఇరుకయ్యే లోపలే సీసాల్లో పోసుకుని తలుపులు తట్టి పంచుతాను. పెంచడంలో ఈ సగం కూడా ఉందని కోదక్క వల్లే తెలిసింది నాకు. మూడో అంతస్తు ఆవిడ నా చేతిలో సీసా చూస్తే చాలు, లిఫ్ట్ తలుపు మూసేస్తుంది.

"ఇంగ ఎవురు మిగిలినారు ఇచ్చేదానికి?" అని ఈ ఉదయం నా భార్య అడిగింది.

"పక్క వీధి ఉండాదే" అన్నాను, చెప్పులు తొడుక్కుంటూ.