వెనక పెట్టె మనిషి

గూడ్సు బండి గార్డు పరదేశికి లోకం మీద ఒకటే కోపం, తనను ఎప్పుడూ వెనకే కూర్చోబెట్టిందని. 1956లో శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చి రైల్వేలో చేరినవాడు, గార్డయ్యాక చివరి పెట్టెలో దుమ్ము తింటూ, దాటిపోయిన ఊళ్లనే చూస్తూ బతికాడు. ఆ ఉక్రోషమంతా ఒక్కగానొక్క కొడుకు సూరిబాబుకు ఉగ్గుపాలతో పట్టించాడు.

"నాలాగ ఎనక పెట్టెలో బతక్కురా. ఎక్కడున్నా ముందర కూకోవాల" అనేవాడు.

సూరిబాబు వైమానిక దళంలో మెకానిక్ అయ్యాడు. 1987లో సెలవుకొచ్చినప్పుడు, తాను పనిచేసే దాడి హెలికాప్టర్ బొమ్మ గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. మొదట్లో హెలికాప్టర్లు మనుషుల్నీ మందుల్నీ మోసేవట. తర్వాత వాటికే తుపాకులు కట్టారట. రష్యా నుంచి తెప్పించిన ఇదైతే పుట్టడమే యుద్ధానికి పుట్టిందట. ముక్కు కింద మరతుపాకీ, పొట్టి రెక్కల కింద రాకెట్లు, ట్యాంకుల్ని చీల్చే క్షిపణులు. ముందు భాగంలో ఒకరి వెనక ఒకరికి రెండు సీట్లు, వాటి చుట్టూ దిట్టమైన రేకు, గుండు దిగని అద్దం.

ఇంత విన్నా తల్లి తాయారమ్మకు కావలసింది ఒక్కటే. "మరి నువ్వెక్కడ కూకుంతావు నాయనా?"

సూరిబాబు ఒక్క క్షణం తండ్రి మొహంలోకి చూశాడు. "ముందరేనమ్మా, ఆ అద్దాల్లోనే. డర్ ఏటీ లేదు, బయపడకు."

పరదేశి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రైల్వే కాలనీలో జనం తప్పించుకు తిరిగేదాకా ఆ మాటే చెప్పాడు. కొడుకును శ్రీలంక యుద్ధానికి పంపారని తెలిసినా, అద్దం ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాడు. పిచ్చి తండ్రి!

1989లో సూరిబాబు గుండు తగిలి పోయాడని తంతి వచ్చింది. పెద్దకర్మ నాడు అతని ట్రంకుపెట్టె పట్టుకుని, తోటి మెకానిక్ చిన్నారావు వచ్చాడు. పరదేశి అతన్ని ఒక్కటే అడిగాడు.

"గుండు దిగని అద్దమన్నాడు కద బాబూ. మరెలాగ దిగింది?"

చిన్నారావు తెల్లబోయాడు. "ఆ సీట్లు పైలట్లవి బాబాయ్. మాకు ముందర చోటెక్కడిది? ఎనక పొట్టలో, తీసున్న తలుపుకాడ తుపాకీ పట్టుకుని కూకుంటాం. సూరిబాబు మొదట్నుంచీ అక్కడే. ఆరోజు దెబ్బలు తగిలినోళ్లని ఎక్కించుకుంటుంటే..."

తాయారమ్మ గోడకు జారగిలబడిపోయింది. పరదేశికి మాత్రం ఆనాడు కొడుకు తన మొహంలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. వాడు తల్లి భయపడుతుందని అబద్ధమాడలేదు. వెనక కూర్చుంటానంటే నాన్న చిన్నబోతాడని ఆడాడు.

మూడోనాడు డ్యూటీకెక్కాడు. రాయపూర్ యార్డులో పచ్చజెండా ఊపి, చివరి పెట్టెలో తన చోట్లో కూర్చున్నాడు. బండి కదిలింది. స్టేషను దూరమైపోతుంటే, ఎదుట ఉన్న ఖాళీ బల్లకేసి చూసి భోరుమన్నాడు.

"ఎనకే కూకుంతానని సెప్తే నాను తిడతానేటిరా? ఇన్నాళ్లూ నానెక్కడ కూకున్నాన్రా?"