కోల్డ్‌వాటర్ లైన్ నీలం జెండా

మా ఎల్డన్ ప్రూట్‌కి ముక్కు మీద కోపం. కోల్డ్‌వాటర్ స్టేషన్‌ని మ్యూజియం చేసిన ఈ పదేళ్లలో, సామాన్లు ముట్టుకున్నారని ముగ్గురిని మెడపట్టి బయటికి గెంటాడు. మా ఆర్కన్సా కొండల్లో పదిహేడు మైళ్ల కలప రైలు లైను మాది. పట్టాలు పీకి అమ్ముకున్నాక మిగిలిందల్లా అతను పోగుచేసిందే. వ్యాగన్లు బాగుచేసే పనిలో అతనూ మా అన్న వర్జిలూ జోడీ. ఇప్పుడు టికెట్లు చింపేది నేను.

అద్దాల బీరువాలో ఒక నీలం రేకు జెండా ఉంది. వ్యాగన్ కిందికి దూరేవాడు తన జెండా తానే తగిలించాలి, బయటికొచ్చాక తానే తీయాలి. యజమాని అయినా ఇంకొకడి జెండా ముట్టుకోడు. అది ఉండగా ఆ వ్యాగన్‌ని ఇంజన్ తాకకూడదు.

1961 ఆగస్టులో తాకింది. మా అన్న నడుం దగ్గర రెండు ముక్కలయ్యాడు. జెండా మాత్రం వేలాడుతూనే ఉంది. "లేదు, ఇందాక లేదు, నా బిడ్డ మీద ఒట్టు!" అని డ్రైవర్ రాస్కో మొత్తుకుంటున్నా వినకుండా మావాళ్లు ఇంజన్లోంచి కిందికి ఈడ్చారు. మొదటి దెబ్బ ఎల్డన్‌ది, బ్రేకు తిప్పే కర్రతో. రాస్కో కన్ను పోయింది. పదిహేడేళ్లదాన్ని, నేనూ కసిదీరా తన్నాను. వారం తిరక్కుండా అతను ఊరు విడిచిపోయాడు.

నలభై మూడేళ్ల తర్వాత, పోయిన శనివారం మధ్యాహ్నం ఆ ఒంటికన్ను ముసలాడు మ్యూజియంలోకి వచ్చాడు. జెండా కింద ఎల్డన్ రాసిపెట్టిన చీటీ ఉంది: 'డ్రైవర్ జెండాను లక్ష్యపెట్టలేదు.' దాని మీద వేలు పెట్టాడు.

"డాక్టరు నాకు నెల రోజులే అన్నాడు. ఇది తీసెయ్యండి. నా కూతురు హంతకుడి కూతురుగా మిగిలిపోకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాను. "సిగ్గులేదూ! మా అన్నని చంపింది చాలక ఇక్కడికొచ్చి నీతులా?"

"వదిలెయ్ లోరీన్." ఎల్డన్ వచ్చి నా చెయ్యి విడిపించాడు. "జెండా తీసింది నేను. భోజనం బెల్లు కొట్టారు. వర్జిల్ తిండికి పోతూ మర్చిపోయాడనుకున్నా. ఫోర్‌మన్ చూస్తే తిడతాడని తీసి దాచా. అరుపు విని మళ్లీ తగిలించేశా."

రాస్కో అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మరి మొదటి దెబ్బ నువ్వెందుకు కొట్టావు?"

"ఇంకాసేపు మాట్లాడనిస్తే నిన్ను నమ్మేవాళ్లు."

"ఒరేయ్ ఎల్డన్!" చేతికందిన రెంచీతో వాడి మొహం పగలగొట్టాను. చెయ్యి అడ్డుపెట్టుకోలేదు. ఇంకోసారి కొట్టాను. మోకాళ్ల మీద కూలబడ్డాడు. చంపేసేదాన్నే, అబద్ధమెందుకు. మూడోసారి ఎత్తితే రాస్కో నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగమ్మా! వీడు చస్తే ఆ మాట రాసేదెవడు?"

ఎల్డన్ నేల మీదే కూర్చుని, నెత్తురు కాగితం మీద పడకుండా ముక్కు మూసుకుని కొత్త చీటీ రాశాడు. రాస్కో దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత తలుపు తీసి, బయట కారులో కూర్చున్న కూతుర్ని లోపలికి రమ్మని కేకేశాడు.