గొడుగు బొమ్మ దగ్గర ఆగిపోయిన పిల్ల

మేడమెట్ల కింద ఇరుకు గదిలో పద్దెనిమిదేళ్లుగా ఆవిడ పిల్లలకు మాటలు వెతికిపెడుతోంది. బడిలో అందరూ మాటల టీచరు అంటారు. ఒకప్పుడు ఆ గదిలో విరిగిన బల్లలు పడేసేవారు.

వానలు మొదలైన వారం రెండో తరగతి పంతులమ్మ ఒక పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఇదివరకు నోరు మూస్తే ఒట్టండీ. ఇప్పుడు ఏదడిగినా అదీ, ఇదీ, ఆ వస్తువూ అంటుంది. ఒట్టి బద్ధకం."

ఇదివరకు అన్న మాట టీచరు చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

బొమ్మల అట్టలు నలభై తీసింది. కత్తెర చూపిస్తే పిల్ల వేళ్లతో కత్తిరించినట్టు చేసి, "దాంతో కోస్తాం కదా" అంది. గొడుగు దగ్గర ఆగిపోయింది. పెదవులు కదిలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గొ..." అని అందించింది టీచరు.

"గొడుగు!"

నాలుగు బొమ్మలు పరిచి గొడుగేదంటే ఠక్కున చూపించింది కూడా. మాట తెలుసు, నాలుక మీదికి రావడం లేదు, అంతే. ఇలాంటి పిల్లల్ని టీచరు వందమందిని చూసింది. నలభైకి ముప్పై ఒకటి అని కాగితం మీద వేసుకుంది.

పిల్ల తల్లి బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"కంగారు పడకండమ్మా," అంది టీచరు. "మాట కోసం తడుముకుంటుంటే మీరు చెప్పేయకండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. రాకపోతే అదెక్కడ ఉంటుంది, దేనికి వాడతాం అని అడగండి. మొదటి అక్షరం ఆఖర్న ఇవ్వండి."

తల్లి తేలికపడి వెళ్లింది.

రెండు వారాలకు ఇరవై ఆరు. మధ్యలో పిల్లకు జ్వరమొచ్చి తగ్గింది కదా, నీరసం అనుకుంది టీచరు. మరో రెండు వారాలకు పంతొమ్మిది. పాత కాగితం పక్కన పెట్టి చూస్తే, మొదటి రోజు గడగడా చెప్పిన దువ్వెన, తలుపు, చెంచా కూడా పోయాయి. "గొ" అన్నా పిల్ల నోటి నుంచి ఏమీ రాలేదు.

"పోనీ, గొడుగు చూపించు తల్లీ."

పిల్ల టీచరు పెదవుల వంక తేరిపార చూసి, దువ్వెన మీద వేలు పెట్టింది.

టీచరు లేచింది. పిల్ల వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. మళ్లీ పిలిచింది. గాలికి తలుపు దభీమంటే మాత్రం ఉలిక్కిపడి చూసింది. చప్పుడు వినపడుతోంది. మాట మాత్రం మాటగా వినపడటం లేదు.

సాయంత్రం తల్లిని పిలిపించింది.

"మీరేగా కంగారు పడొద్దన్నారు?"

"నేనే అన్నానమ్మా. పొరపాటు నాదే. రేపే వెళ్దాం, నేనూ వస్తాను."

చెవి డాక్టరు చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. టీచరు అక్కడితో ఆగలేదు. నరాల డాక్టరు బల్ల మీద మూడు కాగితాలూ వరసగా పరిచింది. డాక్టరు వాటినే చాలాసేపు చూశాడు. మధ్యాహ్నం పిల్లను పడుకోబెట్టి, తలకు తీగలు అంటించి మెదడు పరీక్ష చేశారు. ఒళ్లు కదలకుండా నిద్రపోతోంది పిల్ల. పక్కన తెర మీద గీతలు మాత్రం పిచ్చెక్కినట్టు ఎగిరిపడుతున్నాయి.

"మూర్ఛలాంటిదే. నిద్రలో వస్తోంది కాబట్టి పైకి కనపడదు," అన్నాడు డాక్టరు. "మాటలుండే చోటునే పట్టుకుంది."

"పోయినవి తిరిగొస్తాయా?" అంది తల్లి.

"మందు మొదలుపెడదాం."

అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు.

మందుతో పిల్ల మొహం ఉబ్బింది, ఊరికే చిరాకు పడేది. మూడు నెలలు ఒక్క మాటా రాలేదు. టీచరు బొమ్మలు చూపించి సైగలు నేర్పింది, పంతులమ్మకూ నేర్పింది. బద్ధకమన్నందుకు పంతులమ్మ ఆ పిల్ల ఎదుట తలెత్తేది కాదు. నాలుగో నెలలో "నీళ్లు" అంది పిల్ల. ఏడాది తిరిగేసరికి ఇరవై నాలుగు బొమ్మలకు పేర్లొచ్చి, అక్కడే నిలిచిపోయాయి.

ప్రతి సోమవారం పిల్ల మెట్లు దిగే అడుగుల చప్పుడు వినగానే టీచరు పాత కాగితాలు తీసి బల్ల మీద పెట్టుకునేది. మొన్న సోమవారం ఇరవై రెండే వచ్చాయి. పిల్ల నవ్వుతూనే తరగతికి వెళ్లిపోయింది. టీచరు తలుపు దగ్గరికి వేసి డాక్టరుకు ఫోను చేసింది.