కట్టెల పొయ్యిలో కిరసనాయిలు

“...కిరసనాయిల్లో నీళ్లు కలిపినాడు అంగడోడు! అందుకే గుడ్లు పిల్లలు కాల్యా అంటాండా!”

“నీళ్లు కలిపింటే దీపమెట్ల వెలిగిందయ్యా, నీ తలకాయ!” భార్య కసిరింది.

జమ్మలమడుగులో లాంతర్లు, స్టవ్వులు బాగుచేసే హుమాయున్ లోకంలోని ప్రతి చెడుకూ ఒకే కారణం చెప్పేవాడు. కిరసనాయిలు మంచిది కాదు. మేనల్లుడు పరీక్ష తప్పినా కిరసనాయిలే. ప్రొద్దుటూరు బస్సు దారిలో నిలిచినా కిరసనాయిలే. తన పంటినొప్పికీ అదే.

పెళ్లయిన కొత్తలో భార్య హజరాబీ మాంసం కూర మాడ్చింది. “కిరసనాయిలు మంచిది కాదుమా” అని తల్లికి చెప్పాడు. ఆ కూర ఉడికింది కట్టెల పొయ్యి మీద. దేవుడు ఈయనకు తల ఇచ్చింది టోపీ పెట్టుకోడానికేనని హజరాబీ ఆ రోజే తేల్చుకుంది.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, దీపాల పని తెలిసినవాడని బ్లాకాఫీసువాళ్లు అతనికి గుడ్లు పొదిగే పెట్టె ఒకటిచ్చారు. కోడి అక్కర్లేదు, కింద దీపం వేడి చాలు. దాన్ని పక్కింటి అంకాలమ్మ కొట్టంలో పెట్టాడు. కోళ్లమ్మి బతికే మనిషామె. తెగులొచ్చి కోళ్లన్నీ పోయాయి, వాటి చివరి గుడ్లే మిగిలాయి. అవి పిల్లలైతేనే ఆమెకు మళ్లీ బతుకు.

మొదటిరోజు చూడబోయిన హజరాబీని గడపలోనే ఆపాడు.

“నూనె చేతులు! పెంకుకు నూనె అంటితే లోపల పిల్లకు ఊపిరాడదు. పోయి సీకాయతో కడుక్కోనిరా.”

“ఓహో, డాక్టరు సాయిబు!” అని ఆమె మూతి తిప్పుకుని పోయింది.

మూడు వారాలు దాటినా ఒక్క పెంకూ చిట్లలేదు. పగలగొడితే లోపల ఎదిగిన పిల్లలు చచ్చి ఉన్నాయి. ఈ తగవు అందుకే.

“నీళ్ల పళ్లెం ఎండిందేమో?” హజరాబీ అడిగింది.

“నిండుగుండాది.”

“వేడి?”

“సరిగానే ఉండాది.”

“గుడ్లు తిప్పల్యా?”

“రెండు పూటలా తిప్పితి.”

“మరింకేంది?”

“కిరసనాయిలు.”

పెట్టె పక్కన కూలబడ్డ అంకాలమ్మ తలెత్తింది. “నా చేతి గుణమే ఏమో వదినా. పోయిన శుక్రవారం దిష్టి తగలకుండా గుడ్లన్నిటికీ పసుపూ ఆముదమూ పూసి మొక్కుకుంటి. దాంట్లో ఏమన్నా తప్పు జరిగిందా అన్నా?”

హజరాబీ నోరు తెరిచింది.

“నీ తప్పేముందిమా!” హుమాయున్ గట్టిగా అరిచాడు. “నువ్వు పూయబట్టే ఇన్నాళ్లన్నా నిలిచినాయి. కిరసనాయిలు! ఆ అంగడోన్ని నేను ఊరికే ఇడుస్తానా?”

టోపీ తీసి నేలకు కొట్టాడు. అంకాలమ్మ కళ్లు తుడుచుకుని, తనూ అంగడివాణ్ని నాలుగు తిట్లు తిట్టింది.

హజరాబీ తెరిచిన నోరు మూసుకుంది. మాడిన కూర గుర్తొచ్చింది. ఆ పూట అత్త కూడా తననేమీ అనలేదు. అంగడివాణ్నే తిట్టుకుంటూ తినేసింది.

ఆమె వంగి టోపీ తీసి, దుమ్ము దులిపి, మొగుడి తల మీద పెట్టింది.

“అంకాలమ్మా, ఈసారి మా కోడి గుడ్లు పెడదాం. పిల్లలన్నీ నీవే. పెట్టె మాత్రం మా ఇంట్లో ఉంటుంది,” అంది. “ఇంగ ఆ అంగట్లో కిరసనాయిలు తెచ్చేది లేదు.”