బాపు తాళాలు వినబడని పెట్టె

నా బావమరిది అన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లో అన్నం తిని, మూలనున్న నా టేప్ రికార్డర్‌ను కాలి బొటనవేలితో చూపించాడు.

"గీ డబ్బాల ఏం ఇనవడ్తది బావా? పాట ఇనాల్నంటే మంచి మిషిని ఉండాలె. నువ్వు పాట ఇంటలేవు, ఉత్త సప్పుడు ఇంటున్నవ్."

నా భార్య నవ్వింది. అదీ గుర్తుంది.

ఆ డబ్బాలో నేను వినేది ఒకే ఒక క్యాసెట్. మా వాడకట్టు భజన బృందం కొండగట్టులో పాడినప్పుడు ఎవరో రికార్డు చేసింది. ఆ బృందంలో మా నాన్న, బాపు, పాడేవాడు కాదు, చేతి తాళాలు వేసేవాడు. ఆయన పోయాక ఆయనదంటూ మిగిలిన చప్పుడు అదొక్కటే. కొన్నేళ్లుగా అది నాకు వినబడడం లేదు. పాట వస్తుంది, డోలక్ వస్తుంది, తాళాలు రావు. క్యాసెట్ అరిగిందనుకున్నాను. బావమరిది మాటతో తప్పు డబ్బాదే అనిపించింది.

కరీంనగర్ వెళ్లి మా ఇంటి స్థాయికి మించిన ఆంప్లిఫయర్, పెద్ద స్పీకర్లు, కొత్త క్యాసెట్ ప్లేయర్ తెచ్చాను. నిజం చెప్పాలి, పాటను అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. చరణానికి ముందు పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. డోలక్ దెబ్బ నేల మీద కూర్చున్న నా తొడలకు తగిలింది. తాళాలు మాత్రం లేవు.

దుకాణదారుకు ఫోన్ చేశాను. ఎత్తకపోతే వెళ్లి దుకాణంలోనే కూర్చున్నాను. చివరికి అతను ఇంటికొచ్చి, వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టి విన్నాడు.

"అన్నా, మిషిన్ల ఏం ఖరాబు లేదు. తాళాలు మంచిగనే వస్తున్నయి."

"యాడ వస్తున్నయి? నాకేమన్న చెవుల్లేవా?"

అతను నా వైపు చూడలేదు. గుమ్మంలో బీడీలు చుడుతున్న మా అమ్మ, అవ్వ, తలెత్తింది.

"గదేందిరా, గల్లుగల్లుమంటున్నయి గదా! మీ బాపు ఎప్పటిలెక్కనే జర ముందుగాల కొడుతుండు."

అప్పుడు ఇంకో మాట గుర్తొచ్చింది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ పనిలో చేరిన కొత్తలో నేను చెవుల్లో పత్తి పెట్టుకుంటే సేటు అందరి ముందు తీయించాడు. "పోగు తెగితె సప్పుడు మారుతది. చెవులు మూసుకున్నోడు ఏం నేస్తడురా?" అందరూ నవ్వారు. అతను చెప్పింది అబద్ధం కాదు. నాలుగు సాంచాలు నడిపేవాడు అన్నింటినీ ఒకేసారి చూడలేడు, విని నడపాలి. పత్తి పారేశాను. అలా విని విని నా చెవుల్లోంచి సన్నని చప్పుళ్లన్నీ పోయాయని, దుకాణదారు వచ్చిపోయాక చూపించుకుంటే డాక్టరు చెప్పాడు. సేటుకు ఆ పత్తి గుర్తుండకపోవచ్చు. నాకుంది.

దుకాణదారు వెళ్లాక అవ్వ చేటను పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. తాళం పడిన చోటల్లా నా మోకాలి మీద వేలితో కొట్టింది. ప్రతిసారీ డోలక్ కంటే జర ముందే.

మిషిను అమ్మలేదు. బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా, "ఎట్లుంది బావా, ఫరక్ ఎరుకైతుందా?" అంటాడు. ఫోన్ అవ్వ చేతికిస్తాను.