పుష్పవతి నడి సాలు

జగన్నాథరావు పెళ్ళాన్ని కొండ మీద దింపేసి వచ్చాడని దసరా సెలవులు అయిన మర్నాడే మా వీధంతా పాకింది. పాలకేంద్రం దగ్గర అత్తాకోడళ్ళు కారులో మాటా మాటా అనుకున్నారని మొదలైంది. పిండిమర దగ్గరికి వచ్చేసరికి కోడలు అత్తకి ఇడ్లీ పెట్టలేదనే సంగతి కూడా వచ్చి కలిసింది. ఆ ఇడ్లీ ఎవరు కలిపారో కనుక్కుందామని చూసా గానీ తేలలేదు. జరిగింది మాత్రం అది కాదు. రాజ్యశ్రీని అడిగా, సతీష్‌బాబుని అడిగా, ఆఖరికి పుష్పవతినే అడిగా. ఆ తరవాతే రాస్తున్నా.

పుష్పవతి మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. నందిగామ వచ్చి పదిహేనేళ్ళయింది. అంతకు ముందు పెనుగంచిప్రోలు. ఇప్పటికీ అక్కడ మిరప చేను ఉంది. జగన్నాథరావు పొద్దున్నే టీవీఎస్ బండి మీద వెళ్ళి చూసుకుని వస్తాడు. అతను నాకు తమ్ముడి వరస. కొడుకు సతీష్‌బాబుకి ఎరువుల కొట్టు, కోడలు రాజ్యశ్రీ టీచరు, మనవరాలు యశస్విని ఆరో తరగతి. ఆ ఇంట్లో గొడవలు లేవని నేననను. కానీ గోడ దాటి వినపడేంతవి లేవు. ఉంటే నాకు తెలిసేది.

ఆ ఇంట్లో ఒక మాట ఉంది. ముగ్గురు వరసగా భోజనానికి కూర్చుంటే, మధ్యలో వాళ్ళకి కూర తక్కువ పడిందంటే "నడి సాలు" అంటారు. యశస్విని కూడా కంచం ముందుకు తోసి "నానమ్మా, నడి సాలు" అంటుంది. ఆ పిల్లకి దాని అర్థం తెలియదు. కోడలికీ తెలియదు. నాకు తెలుసు.

పుష్పవతి కాపురానికి వచ్చిన మూడో ఏడు జొన్న విత్తుతున్నారు. అప్పట్లో గొర్రుతో విత్తేవాళ్ళం. గొర్రుకి మూడు కర్రులు, మూడు వెదురు గొట్టాలు, ఆ గొట్టాల పైన చెక్క గిన్నె. దాన్ని జడ్డిగం అంటారు. మగవాడు ఎద్దుల్ని తోలుతుంటే ఆడమనిషి పక్కనే నడుస్తూ గుప్పిట్లోంచి గింజ జడ్డిగంలోకి వదలాలి. మూడు గొట్టాలకీ సమంగా దిగాలి. ఎవరు పడితే వాళ్ళు పొయ్యరు, చెయ్యి కుదిరిన మనిషే పొయ్యాలి. ఆ ఏడు అత్తగారు మొదటిసారి ఆ పని కోడలికి అప్పజెప్పింది. తోలింది జగన్నాథరావు.

వారానికి మొలక వచ్చింది. చేను పొడుగునా ప్రతి మూడు సాళ్ళలో మధ్యది పలచన. మొలక దాచుకునేది కాదు కదా, దారిన పోయే ప్రతివాడూ ఆగి చదువుకుని పోయాడు. విత్తే ముందు రాత్రి చినుకు పడింది, తడి మన్ను ఎక్కి నడి గొట్టం పూడింది, తోలేవాడు చూసుకోవద్దా అని పుష్పవతి. చినుకే పడలేదు, చేతిదే లోపం అని జగన్నాథరావు. మరుసటి ఏడు అత్తగారు జడ్డిగం మళ్ళీ తనే పట్టుకుంది. తరవాత ట్రాక్టర్లొచ్చాయి. పుష్పవతి చేతికి ఇంకో విత్తు రాలేదు. నలభై ఏళ్ళయినా ఆయన చినుకు పడలేదనే అంటాడు, ఈవిడ పడిందనే అంటుంది.

ఇక ప్రయాణం సంగతి. దసరాకి ఇన్నోవా మాట్లాడుకుని అరకు బయల్దేరారు. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు. యశస్విని మూడు మలుపులకోసారి కారు ఆపించిందట, అందరి చేతుల్లో నిమ్మకాయ ముక్కలే. లంబసింగిలో మంచుకి ఎదురు బండి కనపడలేదని సతీష్‌బాబు చెప్పాడు. మబ్బులు రోడ్డుకి అడ్డంగా దాటుతుంటే కోడలు ఫొటోలు తీసుకుంది. పుష్పవతి మాత్రం కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టిన మడులు చూస్తూ, ఎద్దుల్ని అక్కడ ఎలా తిప్పుతారని డ్రైవర్ని అడుగుతూ కూర్చుందట.

పాడేరు దాటాక ఒక చోట పాతకాలపు రైతుల ఇళ్ళు నిలబెట్టి ఉంచారు. ఎక్కడెక్కడి మట్టిగోడల ఇళ్ళో విప్పి తెచ్చి, కొండ కింద వరసగా మళ్ళీ కట్టారు. తాటాకు పాక, ధాన్యం దాచే గడ్డి పురి, రోలు, కుంపటి, అన్నీ ఉన్నాయి. టికెట్టు తీసుకుని చూడాలి. చివర్న చిన్న చేను ముక్క, జత ఎద్దులు, గొర్రు. వచ్చినవాళ్ళు గుప్పెడు జొన్నలు పోసి ఫొటో దిగుతారు. ఆ చోటు చూసుకునే ప్రేమానందం ఎద్దుల్ని తోలతాడు.

పుష్పవతి ఫొటో దిగలేదు. చీపురుపుల్ల అడిగి మూడు గొట్టాలూ పొడిచింది. ఊది చూసింది. మన్ను పొడిగా ఉందో లేదో కాలితో గీకి చూసుకుంది. అప్పుడు కొంగు దోపి గుప్పిట పట్టి, ఆ చేనంతా ఈ చివర నుంచి ఆ చివరకి పోసింది. జగన్నాథరావు చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడట.

అయ్యాక కారెక్కమంటే ఎక్కలేదు. మొలక చూసి వస్తానంది. ఎన్నాళ్ళకి వస్తుందమ్మా అని కొడుకు అడిగాడు. ఐదారు రోజులంది. బొర్రా గుహలకి టైమైపోతోంది, హోటల్ బుక్ చేశాం, స్కూళ్ళు తెరుస్తున్నారు అని కొడుకూ కోడలూ బతిమాలారు. ప్రేమానందం భార్య ఆరోగ్యమ్మ, మా ఇంట్లో ఉంటుందిలే బాబూ, మాకేం బరువు అంది. సతీష్‌బాబు తండ్రి వంక చూశాడు.

"ఉండనియ్యరా" అని జగన్నాథరావు ముందు సీట్లో కూర్చున్నాడు.

కొండ మీద దింపేసి రావడమంటే ఇదీ. ఎవరూ ఎవర్నీ దింపలేదు, ఆవిడే ఎక్కలేదు.

కారు వెళ్ళాక ఆరు రోజులకి పుష్పవతి నర్సీపట్నం మీదుగా బస్సులు మారి నందిగామలో దిగింది. ఆ సాయంత్రం బస్టాండులో నేను జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నా. జగన్నాథరావు బండి వేసుకుని ముందే వచ్చి ఉన్నాడు. పుష్పవతి సంచిలో కొండ పసుపుంది. వెనక కూర్చుని వెళ్ళిపోయింది. మొగుడు వదిలేసిన మనిషి అలా వెళ్ళదని పాలకేంద్రం వాళ్ళకి అప్పుడే చెప్పా. నమ్మలేదు.

మొలక ఎలా వచ్చిందో మాత్రం వీధిలో ఎవరికీ తెలియదు. కొడుకుని అడిగితే అమ్మనే అడగండి అత్తయ్యా అన్నాడు. నాలుగు రోజులు ఆగా. ఐదో రోజు పుష్పవతి గోంగూర ఒలుస్తుంటే వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని, కాడలు తుంచుతూ మాట ఎత్తా.

"ఏమే పుష్పవతీ, మొలిచిందా?"

"మొలిచింది వదినా."

"నడి సాలు?"

పుష్పవతి ఆకు దూసి చేటలో వేసి, కాడ పక్కన పడేసింది.

"పలచనే. అప్పట్లాగే. గొట్టాల్లో ఇసుక రవ్వ కూడా లేదు, నేనే చూసుకున్నా. నా చెయ్యే వదినా, గింజ అటూ ఇటూ వదులుతుంది, మధ్యకి పొయ్యదు. బస్సు దిగంగానే మీ తమ్ముడికి చెప్పేసా, నువ్వన్నదే నిజం అని. బండి స్టార్ట్ చేస్తూ నా వంక చూడకుండా, 'ఆ రాత్రి చినుకు పడిందిలే' అన్నాడు."