రూమీ టోపీ

పోలీస్ యాక్షన్ జరిగిన కొన్ని నెలలకు సికింద్రాబాద్ స్టేషన్‌లో కాజీపేట బండి కోసం కూర్చున్నాను. నిజాం సర్కారు కొలువులో హిందువులం కూడా కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ పెట్టుకునేవాళ్లం. నాకింకా ఆ అలవాటు పోలేదు.

పక్కనున్న ముస్లిం పెద్దాయనదీ అలాంటి టోపీయే. నన్ను తనవాడే అనుకున్నాడు. ఆ గొడవల్లో ఊళ్లో ఆయన తమ్ముణ్ణి చంపేశారట. పోలీసులు విచారణకు పిలిస్తే వచ్చి, తిరిగి ఊరికి పోతున్నాడు.

"మంచిగనే అడిగిన్రు భాయ్‌సాబ్. చంపినోళ్ల పేర్లు చెప్పు, కానూన్ ఉన్నదన్నరు."

"చెప్పారా?"

"చీకట్ల కనవడలేదన్న."

మళ్లీ తనే అలసటగా అన్నాడు. "పట్టపగలే అయింది. రేపటి సంది మళ్ల ఆళ్ల నడుమనే బతకాలె గద."

బండి కూత వినిపించింది. ఆయన తన టోపీ తీసి మూటలో దోపుకుని, నా తల వంక చూశాడు.

"జెర మీరు సుత తీయుండ్రి. పేర్లు పోలీసోళ్లు అడుగుతరు. బండిల ఎవ్వరడగరు, టోపీ జూస్తరంతే."

నేను హిందువునని చెప్పబోయాను. ఆయన ముందు ఆ మాట నోట రాలేదు. టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాను. ఇద్దరం ఉత్త తలలతో ఒకే డబ్బా ఎక్కాం.